‘జరిగిందట’ అని రాస్తే మా పత్రికలో అచ్చు కాదు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈమధ్య ఇంట్లో ఏ సంగతి చెప్పినా మీ పిల్లలు “అది నీకెవరు చెప్పారు?” అని అడుగుతుంటే కోప్పడకండి. పెద్దలకు ఎదురు చెప్పడం కాదది, మేమిచ్చిన హోంవర్కే. ఎనిమిది, తొమ్మిది, పదో తరగతుల పిల్లలతో రెండు నెలలుగా బడి పత్రిక తెస్తున్నాం. నాలుగు పేజీలు, నెలకో సంచిక. రాసేదీ, దిద్దేదీ, శీర్షికలు పెట్టేదీ వాళ్లే.

మొదటి సంచికకు వచ్చిన రాతలన్నీ నేను చదివాను. సైన్స్ ప్రదర్శన గురించి ఒక అమ్మాయి ఇలా మొదలుపెట్టింది: “విజ్ఞానం మానవాళికి వెలుగుబాట. అటువంటి విజ్ఞానాన్ని చాటే ప్రదర్శన మన పాఠశాలలో అత్యంత వైభవంగా జరిగింది.” వ్యాసరచన పోటీలో అయితే మంచి మార్కులే వేసేదాన్ని. వార్తగా చూస్తే మాత్రం అందులో ఏమీ లేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అని ఒక్కొక్కటే అడిగాను. (తెలుగులో ఈ ఆరూ ‘ఎ’, ‘ఏ’లతోనే మొదలవుతాయి కాబట్టి పిల్లలకు ఇట్టే గుర్తుండిపోతాయి.) అరగంట తర్వాత ఆమె తెచ్చిన మొదటి వాక్యం ఇది: “శుక్రవారం సైన్స్ ప్రదర్శన మధ్యలో కరెంటు పోవడంతో తొమ్మిది నమూనాలు పనిచేయలేదు.” ప్రదర్శన పెట్టించిన నాకు కాస్త చురుక్కుమన్నమాట నిజమే. అయినా అలాగే అచ్చు వేశాం.

వార్తలో ముఖ్యమైనది ముందే చెప్పేయాలి. విలేఖరులు దీన్ని తలకిందుల పిరమిడ్ అంటారు. పేజీలో చోటు చాలకపోతే డెస్క్‌లో, అంటే వార్తలు దిద్దే విభాగంలో, కూర్చున్నవారు వార్తను కింది నుంచి కత్తిరిస్తారు. కథలో చివరిదాకా దాచే సంగతిని వార్తలోనూ దాచితే, కత్తెర పడేది సరిగ్గా దానిమీదే.

ఇవన్నీ పిల్లలు రెండు వారాల్లో పట్టుకున్నారు. కష్టమైంది ‘ట’ అనే ఒక్క అక్షరం. మన భాషలో అదో గొప్ప సౌకర్యం. ‘వచ్చాడట’, ‘పోయిందట’ అన్నామంటే, మనం చూడలేదు, ఎవరో అన్నారు, పూచీ మనది కాదు అని మూడు ముక్కలు ఒకేసారి చెప్పినట్టే. వార్త రాసేవాడికి మాత్రం ఆ సౌకర్యం లేదు. ఆ ‘ట’ వెనుక ఉన్న మనిషిని వెతికి పట్టుకోవాలి.

ఒక అబ్బాయి “లైబ్రరీ వేళలు తగ్గిస్తారట” అని రాసుకొచ్చాడు. ఎవరన్నారు? పక్క సెక్షన్ స్నేహితుడు. అతనికెవరు చెప్పారు? వాళ్లన్నయ్య. అన్నయ్యకు? తెలియదు. లైబ్రేరియన్‌ను అడిగావా అంటే తల వంచుకున్నాడు. వెళ్లి అడిగితే తేలిందేమిటంటే, పుస్తకాల లెక్క చూసేందుకు మూడు రోజులు మూసి ఉంచుతారు, వేళల్లో మార్పేమీ లేదు. ఆమె పేరుతో, ఆమె చెప్పినట్టుగా ఆ వార్త అచ్చయింది. ‘అంటున్నారు’, ‘పలువురు అభిప్రాయపడుతున్నారు’ అనే మాటలు కూడా ఆ ‘ట’కు చుట్టాలే. ఆ పలువురు ఎవరో చెప్పలేకపోతే వాక్యం కొట్టేస్తున్నాం. పనిలో పనిగా ‘ఉద్ఘాటించారు’, ‘నొక్కివక్కాణించారు’ కూడా ఎత్తేశాం. ‘అన్నారు’, ‘చెప్పారు’ చాలు.

తరగతిలో వాళ్లకు 1948 నాటి ఒక ఫొటో చూపించాను. అది అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయం. షికాగో డైలీ ట్రిబ్యూన్ అనే పత్రికలో అచ్చు కార్మికుల సమ్మె నడుస్తుండటంతో పేజీలను మామూలుకన్నా చాలా ముందే అచ్చుకు పంపాల్సి వచ్చింది. ఓట్ల లెక్కింపు పూర్తికాకుండానే, అంచనాలను నమ్మి, అప్పటి అధ్యక్షుడు ట్రూమన్‌ను ఆయన ప్రత్యర్థి డ్యూయీ ఓడించారని పతాక శీర్షిక పెట్టేశారు. గెలిచింది ట్రూమన్. రెండు రోజుల తర్వాత ఆయన అదే పత్రికను రెండు చేతులా పైకెత్తి నవ్వుతున్న ఫొటో అది. వీళ్లు చేసిన తప్పేమిటి అని అడిగితే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, “అది ‘ఓడించారట’ మేడమ్, ‘ట’ మింగేశారు” అంది. నేను అంతకన్నా బాగా చెప్పలేను.

తప్పులు మేమూ చేశాం. మొదటి సంచికలో పరుగుపందెంలో గెలిచిన విద్యార్థిది 9-ఎ అయితే 9-బి అని పడింది. రెండో సంచికలో, అదే పేజీలో, “గత సంచికలో విజేత తరగతి తప్పుగా అచ్చయింది, 9-ఎ అని ఉండాలి, చింతిస్తున్నాం” అని సవరణ వేశాం. మన పొరపాటును మనమే చాటుకోవడమెందుకని ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ఫోన్ చేశారు. తప్పు ఏ చోట కనబడిందో సవరణా ఆ చోటే కనబడాలి. మూలన చిన్న అక్షరాల్లో వేస్తే గెలిచిన పిల్లవాడికి న్యాయం జరగదు.

సొంత అభిప్రాయాలకు మూడో పేజీ కేటాయించాం, అవి వార్తల్లోకి రాకూడదు. ఫొటో తీసేముందు అందులోని వారిని అడగాలి, క్యాప్షన్‌లో పేర్ల స్పెల్లింగ్ వారితోనే సరిచూసుకోవాలి. శిక్ష పడిన పిల్లల పేర్లు ఎట్టి పరిస్థితిలోనూ వేయం.

మీకొక విన్నపం. దయచేసి రాత దిద్ది పంపకండి. పోయిన నెల వచ్చిన వాటిలో రెండింటిలో పెద్దల చేయి స్పష్టంగా తెలిసిపోయింది. పదమూడేళ్ల పిల్లాడు ‘తత్సంబంధిత’ అని రాయడు. దిద్దే బదులు అడగండి: ఎవరిని కలిశావు, అవతలివాళ్ల మాట కూడా విన్నావా, ఆ అంకె ఎక్కడిది? ఫోన్‌లో మీకొచ్చిన ఫార్వర్డ్ మెసేజ్‌ను వాళ్లకు చూపించి, ఇది నిజమో కాదో తేల్చమని పురమాయించినా మంచిదే. తేలేలోపు దాన్ని మీరు ఇంకొకరికి పంపకూడదు, అదొక్కటే షరతు.

మూడో సంచిక కోసం పదో తరగతి వాళ్లు నన్నే ఇంటర్వ్యూ చేశారు. ఆటస్థలం మరమ్మతు ఎప్పటికి పూర్తవుతుందని అడిగితే “త్వరలోనే” అన్నాను. “త్వరలో అంటే ఏ తేదీ, మేడమ్?” అని పెన్ను పట్టుకుని ఎదురుచూశారు. నా దగ్గర తేదీ లేదు. అదే మాట రాసుకున్నారు, అలాగే అచ్చవుతోంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు