మా 102వ గది గురించి ఒక మాట

అన్నవరంలో మా లాడ్జికి ఏళ్లుగా వస్తున్న మీ అందరికీ నమస్కారం.

102వ గది వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకు అనువుగా ఉంటుందని పోయిన కార్తీకం నుంచి బోర్డు మీద రాసుకున్నాం. అది నిజం కాదని క్రితం నెల తేలిపోయింది. వ్రతానికి వచ్చిన ఒక పాత కుటుంబంలో అమ్మగారి కుర్చీ బాత్రూం గుమ్మంలో ఇరుక్కుంది. వెనక్కి లాగుతుంటే ఆవిడ వేళ్ల కణుపులు చెక్కకు గీసుకుని చర్మం లేచిపోయింది. "పర్లేదు బాబూ, నువ్వు కంగారుపడకు" అని ఆవిడే నాకు సర్దిచెప్పారు.

నేను ఆర్డరిచ్చింది మూడడుగుల తలుపు. షాపువాళ్లు బిగించింది గుమ్మం చెక్కలతో కలిపి మూడడుగులు. చెక్కలు పోగా తలుపు 30 అంగుళాలు. తెరిచినా తలుపు మందం అడ్డే కాబట్టి మిగిలేది 28. ఆవిడ కుర్చీ 26. "ఇంకా రెండంగుళాలు ఉందిగా" అన్నాడు షాపాయన. చక్రాలు తిప్పే చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? పైగా మంచం పక్కనుంచి మలుపు తిరిగి రావాలి. తలుపు తెరిచాక కనీసం 900 మిల్లీమీటర్ల ఖాళీ, అంటే 35 అంగుళాల పైనే, ఉండాలని కేంద్రం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. అది చూపిస్తే, "అలాంటివాళ్లు ఏడాదికి ఎంతమంది వస్తారండీ" అన్నాడు. ఇక ఆ షాపు గడప తొక్కను. ఊరికే ఇచ్చినా తొక్కను.

నా తప్పూ ఉంది. ఖాళీ కుర్చీని తోసి చూసి, పడుతోందిలే అనుకున్నాను. అందులో కూర్చుని చూడలేదు.

తలుపు మారిస్తే సరిపోదు. బాత్రూంలో కుర్చీ తిరగాలంటే పొడవూ వెడల్పూ అయిదేసి అడుగుల ఖాళీ కావాలి. అంటే 103తో ఉన్న అడ్డగోడ తీసేయాలి. మాకున్నవే పద్నాలుగు గదులు. కార్తీకంలో గది దొరక్క జనం మా వరండాలో పడుకుంటారు, మీకు తెలుసు. నష్టం ఎంతో మా అబ్బాయి లెక్కేసి, ఆ కాగితం నా ముందు పెట్టి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఆ గోడ నాన్నగారు దగ్గరుండి కట్టించింది. మూడు వారాలు ఊగిసలాడాను. మొన్న సోమవారం మేస్త్రి చేతికి సమ్మెట ఇచ్చాను.

బయట ర్యాంపు కూడా మారుస్తున్నాం. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు ఉండాలి. మా అరుగు 18 అంగుళాలు, పాత ర్యాంపు ఏడడుగులే. ఇక రెండు కార్లు పార్క్ చేసే చోటు పోతుంది. పోనివ్వండి.

పని పూర్తయ్యేదాకా 102 ఎవరికీ ఇవ్వం. అడ్వాన్స్ కట్టినవాళ్లకు మొత్తం తిరిగి పంపేశాం. రెండు గదులు కలిసినా అద్దె మాత్రం ఒక గదిదే. మా అబ్బాయి ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. బుక్ చేసేటప్పుడు కుర్చీ వెడల్పు చెప్పండి. సీటు కొలత కాదు, చేత్తో తిప్పే రింగుల బయటి అంచు నుంచి అంచుకు. ఈసారి టేపు పట్టుకుని నేనే కొలుస్తాను.