విషయం: ట్రాక్టర్ వెనక టైర్ల గురించి నేను అడిగిన ఒక్క ప్రశ్నకు ఇంతవరకూ జవాబు ఇవ్వనందుకు ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
హైదరాబాద్.

అయ్యా,

టైరులో లోపం ఏ కంపెనీకైనా వస్తుంది. మార్చి ఇస్తే అయిపోతుంది. దాని కోసమే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నెలల తరబడి నన్ను మనిషిగా లెక్కచెయ్యలేదు, అందుకు రాస్తున్నాను. ఇంగ్లీషులో పంపిన మెయిళ్ళు ఎవరూ చదివిన గుర్తు లేదు. చివరిసారి ఫోనెత్తిన అమ్మాయి మాత్రం "మా మేనేజర్ గారు తెలుగువారే సార్, తెలుగులోనే రాయండి" అంది. మీ సంస్థలో నా మాట చివరిదాకా విన్నది ఆ అమ్మాయి ఒక్కతే. ఈ ఉత్తరం చూసి ఆమెను ఏమీ అనకండి.

నేను అమెరికాలో, ఒహాయో రాష్ట్రం బౌలింగ్ గ్రీన్ దగ్గర ఉంటాను. నా దగ్గర 1949 నాటి ఫార్మాల్ ఎం ట్రాక్టర్ ఉంది. పాత ట్రాక్టర్లతో బరువు లాగే పోటీల్లో దాన్ని దించుతాను. మా ఒహాయో రాష్ట్రంలో ఈ పోటీలకు 1929 నాటి చరిత్ర ఉంది, 1967 నుంచి జాతీయ స్థాయి పోటీలు మా బౌలింగ్ గ్రీన్‌లోనే జరుగుతున్నాయి. ట్రాక్టర్ వెనక స్లెడ్, అంటే బరువు పెట్టె ఉన్న లాగుడు బండి, తగిలిస్తారు. ట్రాక్టర్ కదిలేకొద్దీ స్లెడ్ మీది బరువు పెట్టె ముందుకు జరిగి, లాగడం అంతకంతకూ కష్టమవుతుంది. 300 అడుగులు లాగితే ఫుల్ పుల్, అంటే పూర్తి దూరం లాగినట్టు. పాత ట్రాక్టర్ల క్లాసుల్లో వేగానికీ డ్రాబార్ (స్లెడ్ తగిలించే వెనక కడ్డీ) ఎత్తుకూ హద్దులు పెడతారు కాబట్టి గెలుపోటములు చాలావరకు వెనక టైర్ల దగ్గరే తేలిపోతాయి. అందుకే ఎంతో ఆలోచించి, వెడల్పు రిమ్ములు వేయించి, మీ 15.5-38 సైజు టైర్ల జత తీసుకున్నాను. వెడల్పు రిమ్ము మీద టైరు చదునుగా కూర్చుంటే అంచు లగ్గులు (టైరు మీది ఎత్తు పట్టీలు) కూడా నేలను పట్టుకుంటాయి. గాలి కాస్త తగ్గిస్తే పట్టు ఇంకా పెరుగుతుంది.

రెండు టైర్ల మీదా ఒకే సైజు ముద్ర ఉంది. ఒకే గాలి పెట్టి టేపుతో కొలిస్తే చుట్టుకొలతలు కలవడం లేదు. లాగుతుంటే బండి ఒక పక్కకి పోతోంది, గీత దాటితే ఆ పుల్ చెల్లదు. నేను మిమ్మల్ని అడిగింది ఇంతే: ఈ తేడా మీ లెక్క ప్రకారం ఉండదగ్గదేనా, కాదా?

మొదట మాట్లాడినాయన "ఏ కారు సార్?" అన్నాడు. ట్రాక్టర్ అని చెప్పాను. రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే ఫిర్యాదు తీసుకోవడం కుదరదన్నాడు. ఇక్కడ పాత ట్రాక్టర్‌కి నంబరు ఉండదని చెబుతుండగానే లైన్ ఇంకొకరికి మార్చేశాడు. ఆవిడ ఎన్ని గంటలు దున్నారని అడిగింది. దున్నడానికి కాదు, పోటీలకు అన్నాను. అంతే, దున్నకపోతే వ్యవసాయ టైరుకి వారంటీ వర్తించదని చదివి వినిపించింది. నేను వారంటీ ఊసే ఎత్తలేదమ్మా, కొలత అడుగుతున్నాను అంటే, మళ్ళీ అదే పేరా మొదటినుంచి చదివింది.

డీలర్‌ని కలవమన్నారు. కొలతల సంగతి కంపెనీయే చెప్పాలని డీలర్ అన్నాడు. మీకు ఫోన్ చేస్తే డీలరే ఫారం నింపాలన్నారు. పాపం, అతను నా ఎదుటే కూర్చుని నింపాడు. మీ ఫారంలో ట్రాక్టర్ తయారైన సంవత్సరం 1980కి ముందు లేదు. అది నింపనిదే ముందుకు పోదు. ఫోన్ చేస్తే "దగ్గర్లో ఉన్న సంవత్సరం పెట్టండి" అని మీవాళ్ళే చెప్పారు. అలాగే పెట్టాం. కొన్నాళ్ళకు, ఫొటోలోని ట్రాక్టర్‌కీ రాసిన సంవత్సరానికీ పొంతన లేదంటూ ఫిర్యాదు కొట్టేశారు. అబద్ధం రాయమన్నది మీరు, అబద్ధం రాశావని నన్ను తప్పుపట్టిందీ మీరే. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఆ తర్వాత సూపర్‌వైజర్ నన్ను నమ్మించాడు. 24 గంటల్లో టెక్నికల్ విభాగం నుంచి ఫోన్ వస్తుందన్నాడు. ఫోన్ రాలేదు. "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారు? ఏమని పరిష్కరించారు? కనీసం నా ఫిర్యాదు తెరిచి చూశారా?

తెనాలి దగ్గర మా నాన్నగారి ట్రాక్టర్‌కి మీ టైర్లు తప్ప వేరేవి ఎక్కించలేదు. దమ్ములప్పుడు చక్రాలు తగిలించి మాగాణిలో దిగేవారు, కోతలయ్యాక అవే టైర్లతో ధాన్యం ట్రక్కు లాగేవారు. అరువు మీద వేరే కంపెనీ టైర్లు ఇస్తామన్నా తీసుకోలేదు. ఇక్కడ తోటి పోటీదారులు పేరున్న అమెరికా టైర్లు చూపిస్తే, మా ఇంట్లో నమ్మిన కంపెనీ ఇది అని వాళ్ళతో వాదించి మరీ కొన్నాను. ఇప్పుడు ట్రాక్ దగ్గర వాళ్ళు ఏమైందని అడిగితే ఏం చెప్పను?

జత కుదిరే టైరు పంపుతారో, డబ్బు వాపసు ఇస్తారో, ఈ తేడా మామూలేనని సంతకం పెట్టి రాసిస్తారో మీ ఇష్టం. నాకు జవాబు కావాలి. అదీ టైరు గురించి తెలిసిన మనిషి నుంచి, పేరు చెప్పి మాట్లాడే మనిషి నుంచి. జిల్లా ఫెయిర్ల పోటీలు మొదలయ్యేలోగా రాకపోతే ఒహాయో అటార్నీ జనరల్ ఆఫీసులో ఫిర్యాదు పెడతాను. మీ మెసేజ్‌లూ ఆ ఫారం ఫొటోలూ అన్నీ దాచాను, వాటిని జతచేస్తాను. ఈ ఉత్తరం నకలు తెనాలిలో మీ టైర్లు అమ్మే షాపుకి కూడా వెళుతుంది. ఆ షాపాయన మా నాన్నగారిని ఎరుగును.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
బౌలింగ్ గ్రీన్, ఒహాయో.