అద్దం గురించి నువ్వడిగావు కదా

ఒరేయ్,

నీ ఉత్తరం ఫోన్ చేత రెండుసార్లు చదివించుకున్నాను. "పుట్టినప్పటి నుంచీ చూపు లేదు కదా, అద్దంలో చూసుకోకుండా నువ్వెలాంటివాడివో నీకెలా తెలుస్తుంది?" అని అడిగావు. మొహమాటపడుతూ అడిగావు చూడు, అదొక్కటే నాకు నచ్చలేదు.

చార్లెస్ హార్టన్ కూలీ అనే సమాజశాస్త్రవేత్త 1902లోనే చెప్పాడు, మనిషికి అసలైన అద్దం ఎదుటివాళ్లేనని. వాళ్లు మన గురించి ఏమనుకుంటున్నారని మనకు తోస్తుందో, దాన్నిబట్టే మన మీద మనకో అభిప్రాయం ఏర్పడుతుందట. నా అద్దం గొంతుల్లో ఉందిరా. కౌంటర్లో కాగితం ఇచ్చేది నేను. అవతలాయన అడిగేది మాత్రం నా తమ్ముణ్ణి, "ఈయన సంతకం పెట్టగలరా?" అని. "ఆయన్నే అడగండి" అంటాడు వాడు. ఇక అప్పటినుంచి గట్టిగా, ఒక్కో మాటా విడదీసి, పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్తారు. నా చెవులు బాగానే ఉన్నాయి కదా! రోజుకి నాలుగుసార్లు ఇలా జరిగితే, నాకు నిజంగానే ఏమీ చేతకాదేమో అనిపిస్తుంది. చిన్నప్పుడైతే నమ్మేశాను కూడా.

అంతకంటే కష్టం మౌనం. మీరు తల ఊపుతారు, నవ్వుతారు. అవేవీ నాదాకా రావు. నా మాట నచ్చలేదా, విసుగొచ్చిందా, అసలు మనిషి ఉన్నాడా అని ఒకటే టెన్షన్. చాలాసేపు మాట్లాడాక "ఆయన ఎప్పుడో వెళ్లిపోయారు" అని ఎవరో చెప్తే కలిగే సిగ్గు రోజంతా పోదు. నలుగురిలో మాట ఎప్పుడు అందుకోవాలో తెలియక ఆగిపోతుంటాను. దాంతో నాకు మితభాషి అని పేరొచ్చింది. నేను మితభాషినా? నువ్వే చెప్పు!

నీ దగ్గర ఆ బెంగ లేదు. నువ్వు ఊఁ కొడతావు, లేచేముందు "వెళ్తున్నాన్రా" అంటావు. ఎవరూ చెప్పకుండా నీకెలా తోచిందో గానీ, నాతో నేను హాయిగా ఉండటం నీ దగ్గరే అలవాటైంది.

మొన్నొక సంగతి తెలిసి ఎంత సంతోషమేసిందో. పుట్టుకతో చూపులేని పిల్లలు కూడా మాట్లాడేటప్పుడు చేతులు తిప్పుతారట, వినేవాళ్లకూ చూపు లేదని తెలిసినా సరే. ఐవర్సన్, గోల్డిన్-మెడో అనే ఇద్దరు పరిశోధకులు 1998లో నేచర్ పత్రికలో రాశారు. నన్నేమో "చేతులు కట్టుకో, చూడ్డానికి బాగోదు" అని ఆపేసేవారు. ఎవర్నీ చూసి నేర్చుకోనివి, అచ్చంగా నావి ఆ కదలికలు. ఇప్పుడు మళ్లీ చేతుల్ని వాటి ఇష్టానికి వదిలేశాను.

ఈసారి కలిసినప్పుడు గమనించి చెప్పు, నేను మాట్లాడుతుంటే నా చేతులు ఏం చేస్తుంటాయి?