ఆదివారం పూట మా నాన్నను చేర్చుకున్న అన్నకు

నాన్న దశదిన కర్మ నిన్నటితో అయిపోయింది. ఫోన్ చేసినవాళ్లకి, ఇంటికొచ్చినవాళ్లకి విడివిడిగా చెప్పే ఓపిక లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. 2024 సెప్టెంబరులో సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి గారి దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చారు. ఆ మరుసటి నెలలోనే ఢిల్లీ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా గారి దేహం హైదరాబాద్ గాంధీ మెడికల్ కాలేజీకి వెళ్లింది. ఆ రెండు వార్తలూ మాకు చదివి వినిపించి, తనూ ఒక మెడికల్ కాలేజీకి దేహదానం అంగీకార పత్రం నింపి ఇచ్చారు. వాళ్లిచ్చిన కార్డుకి లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకున్నారు. పోయాక ఒక్క ఫోన్ కొడితే వాళ్లే వచ్చి తీసుకెళ్తారని ఆయన ధీమా.

శనివారం రాత్రి గుండెపోటుతో ఇంట్లోనే పోయారు. ఐ బ్యాంకు వాళ్లు ఆరు గంటల్లోపే వచ్చి కార్నియాలు (కంటి ముందుండే పారదర్శక పొరలు) తీసుకున్నారు. షుగరు ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఫర్వాలేదన్నారు. ఎవరికి పెడతారో మనకి చెప్పరు. ఇంట్లో గుండె ఆగి పోయినవాళ్ల కిడ్నీలు, లివర్ తీసుకోరట. ఆసుపత్రిలో బ్రెయిన్ డెడ్ అయితేనే తీసుకుని, ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ జాబితా ప్రకారం ఇస్తారట. అక్కడా ఫలానావాళ్లకే ఇవ్వండని మనం చెప్పడానికి లేదు.

ఇక దేహం. కార్డు ఇచ్చిన కాలేజీకి ఫోన్ చేస్తే "సోమవారం పది దాటాక రండి" అన్నారు. నాన్న సంతకం ఒక్కటే చాలదు, పోయాక దగ్గరి బంధువులు ఒప్పుకోవాలన్నారు. సరే, అది పద్ధతే. పోస్టుమార్టం అయినా, హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటివి ఉన్నా తీసుకోరంటే అదీ అర్థమవుతుంది. కానీ డల్లాస్‌లో ఉన్న అన్నయ్య స్టాంపు పేపరు మీద సంతకం పెట్టి ఒరిజినల్ పంపాలంటే ఎక్కడయ్యే పని? శనివారం రాత్రి పోకూడదని మాత్రం ఆ పత్రంలో ఎక్కడా రాసి లేదు! నాన్న ఫ్రీజర్ బాక్సులో, చుట్టాలు వరండాలో. "ఇంకెంతసేపు, దహనం చేసేద్దాం" అని పెదనాన్న లేచి నిలబడ్డారు కూడా.

అప్పుడు ఎవరో ఇంకో కాలేజీలో అనాటమీ (శరీర నిర్మాణం చెప్పే) విభాగం అటెండర్ నంబరిచ్చారు. ఆ రోజు ఆయనకి డ్యూటీ లేదు. మా మాట మొత్తం విని, "మేడంతో నేను మాట్లాడతా అక్కా, మీరు బయల్దేరండి" అన్నాడు. అన్నయ్య సంతకం స్కాన్ చేసి మెయిల్ పెడితే సరిపోతుందని ఆ మేడం ఒప్పుకున్నారు.

మేం వెళ్లేసరికి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. మాలో ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. అమ్మ వ్యాన్ దిగలేదు. "ఇది కాలేజీ అమ్మా, శ్మశానం కాదు. సార్‌ని మీరే లోపలిదాకా తీసుకురండి" అని చెయ్యి పట్టి దించాడు. లోపల స్టీలు బల్ల మీద పడుకోబెట్టాక నాన్న జుట్టు చెదిరి ఉండటం చూసి జేబులోంచి తన దువ్వెన తీశాడు. పాపిడి ఎటువైపు తీసేవారని అమ్మని అడిగాడు. "ఎడమ" అంది అమ్మ. నిదానంగా దువ్వాడు. వాచీ తీసి, మొలతాడు విప్పి, కాగితంలో పొట్లం కట్టి అమ్మ చేతిలో పెట్టాడు. అప్పటిదాకా కాగితాల వెంట తిరుగుతూ ఏడవడానికి కూడా తీరిక లేని నేను, అక్కడ గోడకి ఆనుకుని భోరుమన్నాను.

డబ్బులు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు. "వద్దక్కా. ఇవాళ మీరిస్తే, రేపొచ్చేవాళ్లని అడగాలనిపిస్తుంది." పేరు కూడా రాయొద్దన్నాడు. అన్నా, మా అమ్మ రోజూ నీ మాటే చెప్తోంది.

అన్నయ్య, మావారు, బాబాయి: మీకు థాంక్స్ చెప్తే తిడతారు, వదిలేస్తున్నా.

కార్డులిచ్చే కాలేజీల వాళ్లకి ఒక్క మాట. ఏ వేళల్లో తీసుకుంటారో, ఏ కాగితాలు కావాలో, సెలవురోజు ఎవరికి ఫోన్ చేయాలో కార్డు వెనకే అచ్చు వేయించండి. అటువైపంతా ఖాళీయే.

అయ్యో, మర్చిపోయాను. తెల్లవారుజామున లుంగీ మీదే వచ్చి మరణ ధ్రువీకరణ రాసిచ్చిన డాక్టరు గారికి, ఆదివారం షాపు తెరిచి ఆధార్ జిరాక్సులు తీసిచ్చిన అబ్బాయికి, అస్థికలు లేకుండా కర్మ ఎలా అన్నవాళ్లకి దర్భలతో చేయిస్తానని నచ్చజెప్పిన పంతులు గారికి, వ్యాన్ డ్రైవరుకి నమస్కారాలు. ఎదురింటి వదినా, నీ క్యారియర్ గిన్నెలు మా ఇంట్లోనే ఉన్నాయి, రేపు పంపిస్తా.