పాత ట్వీటు వార్తలో తేదీ ఏది?

సంపాదకులకు,

హాస్యనటుల పాత ట్వీట్లు బయటపడ్డప్పుడల్లా మన పత్రికల్లో, అంతకంటే ఎక్కువగా వాటి వెబ్‌సైట్లలో, ఒకే తీరు వార్త వస్తోంది. ఒక స్క్రీన్‌షాట్, ‘నెటిజన్ల ఆగ్రహం’ అని శీర్షిక, కింద నాలుగు కామెంట్లు. ఆ మాట ఏ సంవత్సరం అన్నాడో, ఎవరిని అన్నాడో, ఆ తర్వాత మాట మార్చుకున్నాడో లేదో ఉండదు. మాట పడ్డవాళ్లకూ, అన్నవాడికీ, చదివేవాళ్లకూ ఇది అన్యాయమే.

అమెరికన్ హాస్యనటుడు కెవిన్ హార్ట్ ఉదంతం చూడండి. 91వ ఆస్కార్ వేడుకకు ఆయనే వ్యాఖ్యాత అని 2018 డిసెంబరు 4న ప్రకటించారు. వెంటనే 2009–2011 మధ్య ఆయన పెట్టిన ట్వీట్లను జనం వెతికి తీశారు. కొడుకు ఇంటికొచ్చి తన కూతురి బొమ్మరిల్లుతో ఆడబోతే దాన్ని వాడి తలమీద పగలగొడతానన్నది వాటిలో ఒకటి. స్వలింగ సంపర్కులను, ఆడపిల్లల ఆటలు ఆడే మగపిల్లలను నిజంగా గాయపరిచే మాట అది. క్షమాపణ చెప్పండి, లేదంటే వేరొకరిని చూసుకుంటామని ఆస్కార్లు ఇచ్చే అకాడమీ అడిగింది. ఈ విషయం ఇదివరకే మాట్లాడేశానంటూ ఆయన మొదట నిరాకరించారు. అలాంటి జోకు ఇప్పుడైతే చెప్పనని 2015లో ఒక ఇంటర్వ్యూలో అన్నమాట నిజమే. కానీ చెప్పనని అనడం వేరు, నొచ్చుకున్నవాళ్లకు క్షమాపణ చెప్పడం వేరు. చివరికి డిసెంబరు 6న తప్పుకుంటూ క్షమాపణ చెప్పారు. మొదటి రోజే ఆ పని చేసి ఉంటే చాలావరకు సద్దుమణిగేదని నా అభిప్రాయం. 2019 ఫిబ్రవరి 24న వేడుక వ్యాఖ్యాత లేకుండానే జరిగింది.

ఇక వార్త రాసేవాళ్లు చేయాల్సిన పని. స్క్రీన్‌షాట్ ఆధారం కాదు. బ్రౌజర్‌లో పేజీని మార్చి, ఎవరి పేరు మీదైనా ఏ మాటైనా రెండు నిమిషాల్లో పుట్టించవచ్చు. ఎక్స్ (పాత ట్విట్టర్) అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ఖాతా పేరు, రెండు తేదీలు ఇచ్చి అసలు పోస్టు ఉందేమో చూడాలి. తీసేసి ఉంటే, పాత వెబ్‌పేజీల నకళ్లు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో వెతకాలి. అక్షరాలూ లెక్కపెట్టాలి. 2017కు ముందు ట్వీటుకు 140 అక్షరాలే పరిమితి, ఆ ఏడాది నవంబరులో దాదాపు అన్ని భాషలకూ 280 చేశారు. కాబట్టి 2012 నాటిదంటూ 200 అక్షరాల ట్వీటు కనిపిస్తే అది నకిలీయే. తెలుగులో ఈ లెక్క ఇంకా బిగువు: ‘క్షి’ మన కంటికి ఒక్క అక్షరం, అక్కడ నాలుగు.

తొందరపడి నకిలీ అనేయడమూ తప్పే. పాత ట్వీటును ఇవాళ తెరిస్తే ఇవాళ్టి ఫొటో, ఇవాళ్టి పేరే కనిపిస్తాయి. పదేళ్ల కిందటి మాట పక్కన కొత్త ఫొటో ఉందంటే అది ఈమధ్య తీసిన స్క్రీన్‌షాట్ అని మాత్రమే అర్థం. చూసేవాళ్ల దేశాన్ని బట్టి తేదీ ఒక రోజు అటూ ఇటూ మారుతుంది. అనుమానం వస్తే ట్వీటు లింకు చివరనున్న పొడవైన అంకె చూడాలి. 2010 నవంబరు తర్వాతి ట్వీట్లకు పోస్టు చేసిన సమయం ఆ అంకెలోనే ఉంటుంది, దాన్ని తేదీగా మార్చిపెట్టే ఉచిత సాధనాలు నెట్‌లో ఉన్నాయి.

‘కేసు పెట్టాలి’ అన్న డిమాండును ప్రచురించేటప్పుడు చట్టం మాటా ఒక్క వాక్యం రాయండి. ఏడాదికి మించి మూడేళ్ల దాకా శిక్ష పడే నేరాలను కోర్టు విచారణకు తీసుకోవడానికి భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 514వ సెక్షన్ మూడేళ్ల గడువు పెట్టింది. మతవిశ్వాసాలను కావాలని అవమానించడం ఈ కోవలోకే వస్తుంది. నేరం సంగతి ముందు తెలియకపోతే తెలిసిన రోజు నుంచి లెక్క. తగిన కారణం ఉంటే కోర్టు ఆలస్యాన్ని మన్నించనూవచ్చు. ఎస్సీ, ఎస్టీలను బహిరంగంగా కులం పేరుతో దూషిస్తే ఐదేళ్ల దాకా శిక్ష ఉంది కాబట్టి దానికి ఈ గడువు వర్తించదు. పాతదైతే చాలు వదిలేస్తారనుకోవడం పొరపాటు.

కొత్త నేరాన్ని పాత జోకుతో కలిపేయకూడదు కూడా. 2024 జులైలో తండ్రీకూతుళ్ల వీడియోపై నీచంగా మాట్లాడిన తెలుగు యూట్యూబర్‌ను తెలంగాణ పోలీసులు బెంగళూరులో అరెస్టు చేశారు. అది అప్పటికి తాజా వీడియో, అందులో ఉన్నది చిన్నపిల్ల. అలాంటిచోట ‘వయసులో ఏదో అన్నాడు’ అనే వాదనకు తావే లేదు.

క్షమాపణ వస్తే రెండు ముక్కలు కాదు, మొత్తం వేయండి. ‘ఎవరైనా బాధపడి ఉంటే’ అని తప్పించుకున్నాడా, ఫలానా మాట తప్పని ఒప్పుకున్నాడా పాఠకులే చూసుకుంటారు. పేరులేని ఖాతాల కామెంట్లకు ఇచ్చే చోటును మాట పడ్డ వర్గంలోని ఒక్కరి అభిప్రాయానికి ఇవ్వండి. స్క్రీన్‌షాట్ కింద అసలు తేదీ, అసలు పోస్టు చూశారో లేదో తప్పనిసరిగా రాయండి. తర్వాత నకిలీ అని తేలితే సవరణ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో రావాలి.

– ఒక పాఠకుడు, విజయవాడ