మంత్రి గారూ, నాలుగు టైల్స్ తీయనివ్వండి

గౌరవనీయులైన చేనేత శాఖ మంత్రి గారికి నమస్కారం.

వరంగల్‌లో ఓ చిన్న హస్తకళల మ్యూజియంలో ఆదివారాలు పిల్లలకు వస్తువులు చూపిస్తుంటాను. జీతం లేదు, ఇష్టంతో చేసే పని. ఈమధ్య మా మ్యూజియానికి కొత్త లైట్లు, టచ్ స్క్రీన్, మెరిసే టైల్స్ వచ్చాయి. సంతోషమే. వాన పడితే చేర్యాల పటాలు, అదే కథల బొమ్మలు గీసిన పొడవాటి బట్ట చుట్టలు, చంకన పెట్టుకుని గదులు మారినవాళ్లం మేం.

కానీ మొన్న ఓ పిల్లాడు అద్దాల పెట్టెలోని పంజా, అదే దువ్వెనలా పళ్లుండే నేత పనిముట్టు, చూసి, "అక్కా, దీంతోని తల దువ్వుకుంటరా?" అనడిగాడు. నవ్వాను. వాళ్లది దర్రీలు నేసే మన కొత్తవాడే అని తెలిశాక నవ్వు ఆగిపోయింది. 1851లో లండన్ ప్రదర్శనకు తివాచీలు పంపిన ఊరు మనది. మన దర్రీలకు, అంటే నేల మీద పరిచే మందపాటి నేత జంపఖానాలకు, 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. ఆ దర్రీలో పడుగు కనబడకుండా పేకను దిగ్గొట్టేది ఆ పంజాయే. ఆ దెబ్బ చెవిన పడితే గానీ దర్రీకి అంత బరువెందుకో అర్థం కాదు. స్క్రీన్ మీద వీడియో ఉంది, నిజమే. అందులో మగ్గం చప్పుడు తీసేసి సితార్ పెట్టారు!

పటం సంగతీ అంతే. కథ చెబుతూ ఒక్కో బొమ్మా విప్పుకుంటూ పోవాల్సిన పటం, అద్దం వెనక రెండు బొమ్మల దగ్గరే ఆగిపోయింది. పద్మశాలీల మూలపురుషుడు భావనా రుషి కథ చెప్పే కూనపులి వాళ్లను నెలకోసారి పిలిచి, మర్యాదగా పారితోషికం ఇస్తే మిగతా కథ కదులుతుంది.

దానికంటే ముందు మగ్గం. మాది గుంట మగ్గం, నేతగాడి కాళ్లు గుంటలోకి దిగాలి. ఇప్పుడది విప్పిన కట్టెల్లా గోడకు ఆనించి ఉంది, "ముట్టుకోరాదు" అన్న బోర్డుతో. నేయడానికి కొత్తవాడ నుంచి ఓ పెద్దాయన శని, ఆదివారాలు వస్తానన్నారు. ఆయన అడిగింది రోజు కూలీ, గుంట. కూలీకి మేం చందాలు వేసుకున్నాం. గుంట తవ్వుతామంటే మాత్రం, కొత్త ఫ్లోరింగ్ పగలగొడితే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందట.

కొలిచి చూశాం. కిటికీ పక్కన నాలుగు టైల్స్ తీస్తే చాలు. వాటిని పగలకుండా తీసి, లెక్క రాసి, స్టోర్‌రూమ్‌లో భద్రంగా పెడతాం. మీ సంతకం ఒక్కటి కావాలి.

ఇట్లు,
కొత్తవాడ దర్రీ నేతగాడి మనవరాలు