అరకు ఊటీ కాదు, ఉదగమండలం ఉదకమండలం కాదు

సంపాదకులకు,

పోయిన ఆదివారం అనుబంధంలో వేసవి విడుదుల మీద మీరు వేసిన రెండు పేజీల వ్యాసానికి సవరణ వస్తుందేమోనని వారం రోజులు చూశాను. రాలేదు. ఒకే ఊరికి శీర్షికలో ఊటీ, లోపల ఉదకమండలం, పటంలో ఉధగమండలం, ఫొటో కింద ఊటకమండ్. ఊటీ అన్నా ఫర్వాలేదు, అక్కడివాళ్లే అంటారు. మిగతా మూడూ తప్పులే.

తమిళ లిపిలో త, ద రెంటికీ ఒకటే అక్షరం, క, గలకూ ఒకటే. అచ్చుల నడుమ వస్తే వాటిని ద, గ అని పలుకుతారు. కాబట్టి ఆ పేరు ఉదగమండలం. తమిళులు ఇంగ్లీషులో రాసేటప్పుడు త కోసం టీహెచ్, ద కోసం డీహెచ్ వాడతారు. ఆ డీహెచ్‌ని చూసి మన డెస్కుల్లో ద కి వత్తు తగిలించి ఉధగ చేస్తున్నారు. అసలు తమిళంలో వత్తక్షరాలే లేవు! రైల్వేవాళ్లు స్టేషను పేరును ఇంగ్లీషులో సైతం ఆ హెచ్ లేకుండానే రాస్తారు.

ఉదకమండలం ఇంకో దారిన పుట్టిన పొరపాటు. ఉదకం అంటే నీళ్లు, ఊళ్లో పెద్ద సరస్సు ఉంది, ఇక అర్థం కుదిరిపోయిందని మీ వ్యాసకర్త రాసేశారు. ఆ సరస్సు దేవుడిచ్చింది కాదు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ వాగులకు అడ్డుకట్ట వేయించి చేయించినది. 1821 మార్చిలో మద్రాసు గెజిట్‌లో అచ్చయిన ఒక ఉత్తరంలో ఈ ఊరు వోటోకీమండ్‌గా కనిపిస్తుంది. సరస్సు తయారైంది ఆ తర్వాత కొన్నేళ్లకు. నీళ్లు రాకముందే నీళ్ల పేరు ఎలా వస్తుంది?

ఆ చివరి ‘మండ్’ అనేది మండలం కూడా కాదు. తోడా గిరిజనుల పల్లెను చుట్టుపక్కలవాళ్లు మందు అంటారు. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ప్రకారం అసలు పేరుకు అర్థం ఒంటిరాయి మందు. మన తెలుగు మంద కూడా ఆ వేరు నుంచి వచ్చిన మాటే: పశువులు, వాటి దొడ్డి, వాటి చుట్టూ ఉండే మనుషులు. తోడాల పాతకాలపు ఇల్లు సగానికి కోసి బోర్లించిన పీపాలా ఉంటుంది. వెదురూ పేమూ వంచి కట్టి, పైన గడ్డి కప్పుతారు. వాకిలి మూడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, వంగి పాకుతూ లోపలికి వెళ్లాలి. పక్కనే రాతి గోడ కట్టిన గేదెల దొడ్డి. 1848లో వేసిన బొటానికల్ గార్డెన్‌కు ఎగువన ఇప్పటికీ ఒక మందు ఉంది. వ్యాసంలో గార్డెన్‌కు పావు పేజీ ఇచ్చారు, ఊరి పేరులో నిలిచిన తోడా మందులకు ఒక్క వాక్యం లేదు.

చుట్టుపక్కల పేర్లకూ ఇదే గతి పట్టింది. కోత్తగిరిని ‘కోటగిరి’ అని రాశారు. అక్కడ కోట లేదు. కుండలూ కమ్మరమూ చేసే కోత్త గిరిజనుల మీదుగా వచ్చిన పేరది. కున్నూరు కూనూర్ అయింది, నీలగిరి నీల్గిరి అయింది. నీలగిరి అన్నది మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన మాట, దానికి ఇంగ్లీషు స్పెల్లింగు చూసుకోవలసిన అవసరం ఏమిటి? తమిళ, కన్నడ పేర్లు రాసేముందు ఆ భాష వచ్చినవాళ్లకు ఒక్క ఫోను చేసే అలవాటు డెస్కుల్లో పోయింది.

ఇక ‘ఆంధ్రా ఊటీ’ సంగతి. అరకును అలా పిలుస్తారు, హార్స్‌లీ హిల్స్‌నూ అలాగే పిలుస్తారు. వికారాబాద్ అనంతగిరిని తెలంగాణ ఊటీ అంటారు. అరకు ఘాట్‌లో ఇంకో అనంతగిరి ఉంది, అదీ ఊటీయే. వీటిలో దేని పేరు దానికుంది. అరకు 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్న లోయ, ఊటీ 2,240 మీటర్లు. వెయ్యి మీటర్లకు సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతాయనుకుంటే రెండింటికీ ఏడెనిమిది డిగ్రీల తేడా. మే నెలలో స్వెటర్లు సర్దుకుని అరకు దిగినవాళ్లు పగటి ఎండకు నిరాశపడితే నింద అరకు మీద పడుతోంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సొంత పేరుతోనే. హార్స్‌లీ హిల్స్ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరు ఒకాయన పేరు దాని మీద పడింది, ఇప్పుడు దాని మీద ఊటీ. స్వాగత తోరణాలు కట్టించే అధికారులు ‘ఏనుగు మల్లమ్మ కొండ’ అని ఒక్క పలక పెట్టించలేరా?

ఊటీ కొండ రైలు వివరాల్లోనూ పొరపాటు జరిగింది. మేట్టుపాళయం నుంచి 46 కిలోమీటర్లకు దాదాపు ఐదు గంటలు పడుతుందని రాసి, కారణం ‘ఇంజను పాతది’ అన్నారు. కల్లారు నుంచి కున్నూరు దాకా వాలు కొన్నిచోట్ల పన్నెండు అడుగులకు ఒక అడుగు. అక్కడ పట్టాల నడుమ పళ్ల కమ్మీ ఉంటుంది, ఇంజను కింది పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. వేగం తగ్గేది అందుకు. 1899లో కున్నూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన ఈ దారికి 2005లో యునెస్కో గుర్తింపు దక్కింది. టిక్కెట్టు మీద ఉండే పేరు ఉదగమండలం, స్టేషను కోడ్ యూఏఎం. పాఠకుడికి అవసరమైన ఈ ఒక్క ముక్కా రెండు పేజీల్లో లేదు.

మే నెలలో ఊటీ పూల ప్రదర్శన వార్తలు వరసగా వస్తాయి. ఈలోగా ఉదగమండలం, కున్నూరు, కోత్తగిరి, నీలగిరి అని నాలుగు పేర్లూ ఒక కాగితం మీద రాసి డెస్కు గోడకు అంటించండి. పోయిన ఆదివారం వ్యాసానికి సవరణ కూడా వేయండి, అదే అనుబంధంలో, అదే పేజీలో.

– ఒక పాఠకుడు, విజయనగరం